కౌలు రైతుల జాడ

ఐర్లండ్‌లో రైతు పూర్వీకుల కోసం వెతికేవాళ్లంటే నాకు గౌరవం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనగణన పత్రాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. జమీందార్ల చరిత్రకు వేరే ఆధారాలుంటాయి. నాలుగెకరాల కౌలు రైతుకు ఏముంటాయి?

పన్నుల లెక్కలు మిగిలాయి. చర్చి పన్ను కోసం 1823 తర్వాత రాసిన టైథ్ పుస్తకాలు ఒకటి. 1847-64 మధ్య అచ్చయిన గ్రిఫిత్ వాల్యుయేషన్ రెండోది. అందులో ఒక్కో వరసలో కౌలుదారు పేరు, భూస్వామి పేరు, పొలం విస్తీర్ణం, ఏడాదికి దాని విలువ ఉంటాయి. ఇంట్లో మిగతావాళ్ల ఊసే ఉండదు. వాళ్లు కావాలంటే చర్చి రిజిస్టర్లు తిరగేయాలి. బిడ్డ జ్ఞానస్నానానికి సాక్షులుగా నిలబడింది చాలాసార్లు మేనత్తో, మేనమామో. చుట్టరికాల తీగ దొరికేది అక్కడే.

నన్ను బాగా కదిలించేది 1911 జనగణన. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని ఇల్లాళ్లను అడిగారు. పది, ఆరు అని రాసి ఉంటే, ఆ నలుగురి కోసం ఒక తల్లి పడ్డ దుఃఖం రెండంకెల్లో ఉన్నట్టే.

1901, 1911 పత్రాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వెతికేవాళ్లకు నా మాట ఒకటే: మీ ఇంటిపేరు దగ్గరే ఆగకండి. సాక్షుల పేర్లూ, పక్క పొలం రైతుల పేర్లూ రాసుకోండి. వాళ్లలో మీవాళ్లు ఉండొచ్చు.