ముల్ జుసెయో!

కొరియా హోటల్లో దాహమైతే 'ముల్ జుసెయో' అనాలి. ముల్ అంటే నీళ్ళు, జుసెయో అంటే ఇవ్వండి. చూశారా, క్రియ మనకు మల్లేనే చివర! 1905లో హల్బర్టనే అమెరికన్ ఆ భాషకూ ద్రావిడ భాషలకూ చుట్టరికం కలుపుతూ పుస్తకమే వేశాడు. నేటి పండితులు ఒప్పుకోరనుకోండి. వడ్డించే పెద్దావిడను 'ఇమో' అనటమూ కద్దు. అంటే పిన్నీ అనో, పెద్దమ్మా అనో!

మా వరంగల్ కుర్రవాడొకడు చదువుకు సియోల్ వెళుతున్నాడు. మాంసం ముట్టడు. "సారూ, పిల్లగాడు ఏమని అడిగి తినాలె?" అన్నది తల్లి. 'కోగి ప్పేగో జుసెయో', మాంసం తీసి ఇవ్వండి, అని రాసిచ్చాను. కాని మాంసం తీసినా చారులో ఎండుచేపలు మరిగించిన నీళ్ళుండవచ్చు. కిమ్చిలో తరచు ఊరిన రొయ్యలు. అదీ చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"గట్లయితే తొక్కు జర ఎక్కువ కడత" అన్నది.