గింజలో దాగిన జలోదరము

మా పినతండ్రిగారు మద్యము చేత ముట్టి యెఱుగరు; అయినను ఆయన కడుపు కుండవలె ఉబ్బినప్పుడు ఊరివారు చాటున అనుకొన్నమాట తాగుడు జబ్బనియే. తుదిదినములలో ఆయన కూర్చుండినచో ఆయాసపడి, పండుకొన్నచో తేరుకొనుచుండెడివారు. గుండెజబ్బువారి యందు దీనికి విపరీతముగా చూచియుండిన మాకది వింతగా తోచెను. కాలేయము గట్టిపడినప్పుడు ఒక్కొక్కరి ఊపిరితిత్తులలోని సన్నని నాళములు అమితముగా విచ్చుకొని, రక్తము చాలినంత ప్రాణవాయువు నందుకొనకయే సాగిపోవుననియు, ఏ దోషమును లేని మూత్రపిండములు సైతము స్తంభింపవచ్చుననియు తరువాత గదా తెలిసినది!

ఆ దుఃఖమే నన్ను మొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా, ఆర్ట్స్ కళాశాల రాతికట్టడమును దాటించి, తిండిలోని విషములను పరిశోధించిన, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు నడిపించినది. 1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి పరిశోధనకై ఆరంభించిన చిన్న విభాగమే 1958లో ఇచటికి తరలివచ్చి ఇంతదయ్యెను.

1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెలలో కామెర్లు, వెనువెంటనే జలోదరము వ్యాపింపగా, కృష్ణమాచారి, రమేశ్ భట్ ప్రభృతులైన ఇచటి శాస్త్రజ్ఞులు పోయి, కోతకు ముందు అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నయే కారణమని తేల్చిరి. దినమునకు 2 నుండి 6 మిల్లీగ్రాముల అఫ్లటాక్సిన్ అను ఆ బూజు విషము, వారముల తరబడి, ఆ పేదల కడుపులలోనికి పోయి యుండవచ్చునట! 397 మంది వ్యాధిగ్రస్తులైరి. 106 మంది మరణించిరి. అదే తిండి తిన్న కుక్కలును చచ్చినవి. ఆ దశకముననే మధ్యభారతమందలి సర్గుజా గిరిజనులకు జలోదరము తెచ్చినది, వారు గోండ్లీ యనెడు సామలలో కలిసిపోయిన, మన జనుముకు జ్ఞాతియైన యొక కలుపుమొక్క గింజ. దాని విషము కాలేయములోని చిన్న సిరలను మూసివైచును.

ఆ సంస్థలోని చీకటిగదిలో ఒక ఉద్యోగి గాజుపలకపై అతినీలలోహిత దీపము ప్రసరింపజేయగా, ఆవగింజంత నీలికాంతి మెఱసినది. చూచుట కెంత అందముగా నున్నదో! "అదేనండీ బూజు విషం, కడిగినా, వండినా పూర్తిగా పోదు" అని ఆయన మెల్లగా అనెను. చాలసేపు నేనా చుక్కనుండి చూపు మరల్పలేకపోతిని. మా పినతండ్రిగారి కాలేయము నేది చెఱచినదో నేడు తేల్చువా రెవ్వరును లేరు. కాని రోగిని చూడగానే తాగుబోతని నిర్ణయించుట అన్యాయము, క్రూరము.

పాఠకులారా, మీ గాదెలో మొక్కజొన్నకు గాని, వేరుసెనగకు గాని బూజు కనబడినచో దాని నెవరికిని పెట్టకుడు. కూలివారికిని వద్దు, కుక్కకును వద్దు.