నూట మూడు నంబరు ఫోను

నిరుడు శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం అయిపోయి షాపులో కాస్త ఊపిరి పీల్చుకునే రోజులు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన కంచం ముందు కూర్చోకుండా వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

"ఫోను బిల్లు ముప్పై ఎనిమిది వేలు వచ్చింది" అన్నారు.

నెలకు తొమ్మిది వందలు దాటని బిల్లు అది.

మాది గద్వాలలో చీరల షాపు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. గద్వాల చీర గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒకప్పుడు చీర కావాలంటే మనిషి మెట్లెక్కి రావాల్సిందే. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో చూసి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫోను చేస్తారు. ఒకే నంబరు కౌంటరు దగ్గరా, పైన మా ఇంట్లోనూ, వెనక ప్యాకింగ్ గదిలోనూ మోగాలని రెండేళ్ళ క్రితం ఇంటర్నెట్ ఫోను పెట్టించాం. దానికి వేరే టెలిఫోన్ తీగ ఉండదు. మాట ఇంటర్నెట్ మీదే పోతుంది. మిఠాయి డబ్బా అంత పెట్టె ఒకటి అల్మారా మీద కూర్చుని, ఏ కాల్ ఎటు పోవాలో చూసుకుంటుంది. కౌంటరు ఫోను 101, ఇంటిది 102, ప్యాకింగ్ గదిది 103.

ఆ బిల్లు వివరాలు తెప్పించి చూస్తే, విదేశాలకు పోయిన కాల్స్ అన్నీ 103 నుంచే.

ప్యాకింగ్ గదిలో ఉండేది ఒక్క పిల్లవాడు. రాజోలి నుంచి వచ్చి ఇక్కడే గది తీసుకుని ఉంటాడు. నేతపని వాళ్ళ ఇల్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు వాళ్ళ మగ్గం కూడా నీళ్ళలో పోయిందట. అప్పటికి వీడు చిన్నపిల్లవాడు. చీర మడత పెడితే ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. మూడేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

అయినా ఆయన వాణ్ణి పిలిచి అడిగారు, "నీకు విదేశాల్లో ఎవరున్నార్రా?" అని.

వాడు మొదట నవ్వాడు. ఎగతాళి అనుకున్నాడు పాపం. "నాకెవరుంటరన్నా? మా ఊరు దాటితే నాకు గద్వాలే" అన్నాడు. కాగితం చూపించేసరికి మొహం మాడిపోయింది. "నేను చేయలే అన్నా" అని మాత్రం అన్నాడు. మా అత్తమ్మ ఊరుకోకుండా, "మరి ఫోనుకు కాళ్ళొచ్చి అదే పోయిందా?" అంది. వాడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. ఖాళీ ఉన్నప్పుడల్లా వాడు సెల్లు పట్టుకునే ఉంటాడు కదా అని నా మనసులో కూడా ఒక మాట మెదిలింది. అబద్ధం చెప్పలేను.

మర్నాడు వాడు పనికి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాల లెక్క, కిరాణా చీటీ చూసుకునే అలవాటు కొద్దీ ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మా ఆయన చూసింది రెండు గడులే, ఎక్కడినుంచి, ఎంత అయ్యింది అని. నేను వేళ రాసిన గడి చూశాను. మొదటి కాల్ ఒంటిగంట పది నిమిషాలకు. మధ్యాహ్నం కాదు, అర్ధరాత్రి. ఆఖరిది తెల్లవారుజామున నాలుగూ నలభైకి. ఆ వేళకు షాపు షట్టరు వేసి ఉంటుంది, తాళంచెవి మా పూజగది మేకుకు వేలాడుతూ ఉంటుంది. పైగా ఒకే నిమిషంలో నాలుగేసి కాల్స్ మొదలయ్యాయి. ఒక్క ఫోను, ఒక్క మనిషి, నాలుగు నోళ్ళా?

తెల్లారగానే హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మరిదికి ఫోను చేశాను. అతను అక్కడినుంచే మా పెట్టెలోకి వెళ్ళి, అది రోజూ రాసుకునే చిట్టా తెరిచాడు. మన ఇంట్లో ఎవరొచ్చిందీ ఎవరుపోయిందీ వాకిట్లో కూర్చున్న ముసలమ్మ గుర్తుపెట్టుకున్నట్టు, ఆ పెట్టె ప్రతి రాకనూ రాసి పెడుతుందట. అంతకుముందు రోజు రాత్రి వరకూ వచ్చినవన్నీ అందులో ఉన్నాయి. మొదటి దొంగకాల్‌కు ముందు ఒకే మాట వరసగా వేల సార్లు. నేను 103ని, ఇదీ పాస్‌వర్డ్. తప్పు. నేను 103ని, ఇదీ పాస్‌వర్డ్. తప్పు.

"వదినా, 103 పాస్‌వర్డ్ ఏం పెట్టారు?" అన్నాడు.

"పెట్టినవాళ్ళు ఇచ్చిందే. 4321."

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సున్నాల నుంచి మొదలుపెట్టి వరసగా ఎక్కుతూ వచ్చాడు. 4,322వ సారికి తలుపు తెరుచుకుంది. సెకనుకు మూడు చొప్పున, మొత్తం ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది" అన్నాడు.

నాకు వెంటనే మా అత్తమ్మ సూట్‌కేసు గుర్తొచ్చింది. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి బయల్దేరే రోజు, మూడంకెల తాళం నంబరు మర్చిపోయింది. పట్టుచీరలూ నగలూ అందులోనే. ఒకరు సుత్తి తెమ్మన్నారు, ఒకరు మెకానిక్‌ను పిలవమన్నారు. నేను పీట వేసుకుని కూర్చుని 000, 001, 002 అంటూ తిప్పుకుంటూ పోయాను. 417 దగ్గర టక్కుమంది. ఇరవై నిమిషాలు పట్టింది. అందరూ నన్ను తెలివిగలదాన్నన్నారు. అందులో తెలివేమీ లేదు, ఓపిక ఒక్కటే. నా ఓపికకు హద్దుంది, వేళ్ళు నొప్పి పుడతాయి. మిషనుకు వేళ్ళు లేవు. దీన్నే కంప్యూటర్ వాళ్ళు బ్రూట్‌ఫోర్స్ అంటారట. ఉపాయంతో కాదు, మొండిగా అన్నీ ప్రయత్నించి తెరవడం.

"మన మీద ఎవరికి అంత పగ?" అని అడిగాను.

"పగ కాదు వదినా. వాడికి గద్వాల పేరే తెలియదు. లోకంలో ఉన్న ఇంటర్నెట్ చిరునామాలన్నిటికీ వెళ్ళి, ఇక్కడ ఫోను పెట్టె ఉందా అని తలుపు కొడుతూ పోతుంది వాడి మిషను. ఇలాంటి ఫోన్లు మామూలుగా 5060 అనే గుమ్మం దగ్గర వింటూ ఉంటాయి. ఎవరైనా పలికితే 100, 101, 102 అంటూ పేర్లు అడుగుతుంది. పేరు దొరికితే పాస్‌వర్డ్ మొదలు" అన్నాడు.

వచ్చిన మిషను తన పేరు కూడా చెప్పుకుందట. చిట్టాలో ఉన్న ఆ ఇంగ్లీషు మాటకు అర్థం 'స్నేహంగా వెతికేవాడు'. మన ఫోను గట్టిగా ఉందో లేదో మనమే పరీక్షించుకోవడానికి తయారుచేసిన సాధనమట అది. దాన్నే దొంగలు పట్టుకుని ఊళ్ళమీద పడ్డారు. కూరగాయలు తరగడానికి చేసిన కత్తి చేతులు మారినట్టు. బి.ఏ. తెలుగు చదివిన నాకు ఆ పేరు చూసి నవ్వొచ్చింది, ఆ పూట నవ్వే స్థితి లేకపోయినా.

మా కాల్స్‌తో వాడికేం లాభమో కూడా చెప్పాడు. కొన్ని దేశాల్లో నిమిషానికి చాలా ఖరీదైన నంబర్లు ఉంటాయి. వాటికి కాల్ వస్తే వచ్చిన డబ్బులో ఆ నంబరు తీసుకున్నవాడికి వాటా ఉంటుంది. దొంగ అలాంటి నంబరు ముందే తన చేతిలో పెట్టుకుని, మన ఫోను నుంచి దానికి కాల్ చేస్తాడు. అటు మాట్లాడేవాళ్ళు ఉండరు, నిమిషాలు మాత్రం తిరుగుతూ ఉంటాయి. వాటా వాడికి, బిల్లు మనకు. అందుకే రాత్రిళ్ళూ సెలవు రోజులూ చూసుకుంటారు.

ఇంతకూ 103నే ఎందుకు తెరవగలిగాడు? ఇది చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది. అంతకుముందు దసరాకు వచ్చినప్పుడు మా మరిది కౌంటరు ఫోనుకూ ఇంటి ఫోనుకూ పాస్‌వర్డ్ గట్టిగా మార్చాడు. 103 కూడా మారుస్తానంటే, "ప్యాకింగ్ గదే కదా, అక్కడేముంది, భోజనానికి రా" అని పిలిచింది నేనే. ఏ తలుపును మనం లెక్కచేయలేదో దొంగ ఆ తలుపే తీశాడు. ఆ తలుపు పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి మేం దొంగను చేశాం.

ఆ రోజు మా మరిది చేసినవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. మీ ఇంట్లోనో షాపులోనో ఆసుపత్రిలోనో ఇలాంటి ఫోను ఉంటే మీకూ పనికొస్తాయి.

మొదటిది, విదేశీ కాల్స్ ఆపించడం. అమెరికా కస్టమర్లతో మేం మాట్లాడేది వాట్సాప్‌లోనే. ఈ ఫోనులో ఐఎస్‌డీ ఎందుకుందో ఎవరికీ తెలియదు, ఉంటే ఉండనీ అని వదిలేశాం. ఎప్పుడూ వాడని వెనక తలుపు గడియ వేయకుండా వదిలేసినట్టే. దాంతోపాటు రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని హద్దు కూడా పెట్టించాం. అది ముందే ఉండి ఉంటే ముప్పై ఎనిమిది వేలు కాదు, ఐదు వందలతో పోయేది.

రెండోది, పాస్‌వర్డ్. నాలుగంకెలంటే మొత్తం పదివేలు, గంటలో అయిపోతాయి. అదే చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, అంకెలు కలిపి, అర్థం లేకుండా పన్నెండు పెడితే, సెకనుకు వెయ్యి ప్రయత్నించినా పదివేల కోట్ల ఏళ్ళు కావాలట. ఇది రోజూ నొక్కే పాస్‌వర్డ్ కాదు, ఫోనులో ఒక్కసారి ఎక్కిస్తే చాలు. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేనిదానికి కూడా సులువైనది పెట్టుకున్నాం!

మూడోది, కాపలా. ఫెయిల్‌టుబ్యాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఆ చిట్టాను చదువుతూ కూర్చుంటుంది. ఒకే చిరునామా నుంచి ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ వస్తే, ఆ చిరునామాకు ఒక రోజు తలుపు మూసేస్తుంది. నేను కాగితం మీద లెక్క వేశాను. రోజుకు ఐదు చొప్పున అయితే 4,322 సార్లకు రెండేళ్ళ పైనే పట్టేది. అలాగని ఇదొక్కటే చాలదు. దొంగలు వందల చిరునామాల నుంచి మార్చి మార్చి వస్తారు. అందుకే పాస్‌వర్డూ కావాలి, కాపలా కూడా కావాలి.

నాలుగోది నాకు బాగా నచ్చింది. 103 ఉందా అని అడిగినా, అసలు లేని 555 ఉందా అని అడిగినా పెట్టె ఒకే జవాబు చెప్పాలి. తెలియనివాడు వీధిలో నిలబడి ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే మనం వివరాలు చెప్పం కదా, అలాగే.

ఐదోది అన్నిటికన్నా గట్టిది. మా మూడు ఫోన్లూ ఈ కప్పు కిందే ఉన్నాయి. బయట లోకానికి వాటితో పని లేదు. అందుకని ఇంట్లోంచి వచ్చేవాళ్ళనూ, ఫోను కంపెనీ చిరునామానూ తప్ప ఇంకెవరినీ పలకరించొద్దని పెట్టెకు చెప్పేశాడు. బయటినుంచి వాడాలంటే వీపీఎన్ అనే చాటు దారిలో రావాలట. మాకు ఆ అవసరమే లేదు.

1930కి ఫోను చేసి ఫిర్యాదు కూడా ఇచ్చాం. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు, రెండు వాయిదాల్లో కట్టాం. మరిది చెప్పినవన్నీ కలిపి మూడు గంటల పని. పైసా ఖర్చు లేదు.

ఆదివారం షాపు మూసి నేనూ మా ఆయనా రాజోలి వెళ్ళాం. దారి పొడుగునా ఆయన ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నారు. తీరా వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాక, "తప్పు మాదేరా" అని రెండు మాటలే వచ్చాయి. లోపల మగ్గం చప్పుడు ఆగింది. వాళ్ళమ్మ బయటికొచ్చి మంచినీళ్ళిచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. "మీరు వచ్చి చెప్పినారు, సరే. వీడు నాలుగు దినాల సంది అన్నం సరిగ్గ తినలేదమ్మా" అంది. అంతే. ఆ మాట తర్వాత ముప్పై ఎనిమిది వేల సంగతి నాకు గుర్తే రాలేదు.

వాడు వెంటనే రాలేదు. దసరా ముందు వచ్చాడు. మునుపటిలాగే చీరలు మడత పెడుతున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు. ఒక్కటే తేడా. 103 మోగితే తను ఎత్తడు. "అక్కా, మీరు తీయండి" అని కేకేస్తాడు. నేను చేతిలో పని వదిలేసి మెట్లు దిగి వచ్చి తీస్తాను. ఎప్పుడో ఒకరోజు మళ్ళీ వాడే తీస్తాడని చూస్తున్నాను.

ఈ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక్క పని చేయండి. మీ ఫోను, వైఫై, గుమ్మం దగ్గరి కెమెరా, వేటి పాస్‌వర్డ్ ఇంకా పెట్టినవాళ్ళు ఇచ్చిందే ఉందో చూసుకోండి. పెద్దగదివే కాదు, వెనక గదివి కూడా.