లదాఖ్‌లో నీటి వంతు

లదాఖ్ అనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి సరిహద్దూ, సైన్యమూ, సినిమాల్లో చూపించే నీలి సరస్సూను. అక్కడ సేద్యం చేసుకుని బతికే జనం వున్నారనీ, వాళ్ళూ మనలాగే కాలవ నీటి కోసం కళ్ళు కాయలు కాచేటట్టు ఎదురు చూస్తారనీ వెళ్ళేదాకా నాకూ తోచలేదు.

మే నెల రెండో వారంలో లేహ్‌లో విమానం దిగాను. మా యింట్లో అప్పటికి ఆవకాయ జాడీల కెక్కింది. ఇక్కడ రెండు స్వెట్టర్లు తొడిగినా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం. ఏడాది మొత్తానికి ఇక్కడ పడేది సుమారు పది సెంటీమీటర్లు. మనకు గట్టి వాయుగుండం పడితే అంత వాన ఒక్క రాత్రిలో కురుస్తుంది.

మూడోనాడు ఒక పల్లెకు బయలుదేరాను. దారి పొడుగునా బోడి కొండలు. ఒక మలుపు తిరిగేసరికి పాప్లార్ చెట్లూ, మెట్లు మెట్లుగా చేలూ! ఆ పచ్చదనం గీత గీసినట్టు ఒకచోట ఆగిపోతుంది. అది కాలవ గట్టు. గట్టుకు పైన గడ్డిపోచ లేదు; దిగువన చేను.

నేను దిగిన యింటి పెద్దావిడను అందరూ 'ఆమా-లే' అంటారు. 'ఆమా' అంటే అమ్మ. 'లే' మన 'గారు' లాంటిది. నేనూ అట్లాగే పిలిచాను. ఆమె మాటలు కూతురు హిందీలో చెప్పింది. ముందుగా వెన్నా, ఉప్పూ వేసిన టీ ఇచ్చారు. మొదటి గుక్కకు చారేమో ననుకున్నాను. మూడో గిన్నెకు యిష్టమైపోయింది. వేయించిన బార్లీ పిండి దాంట్లో కలిపి ముద్ద చేసుకు తింటారు. ఇక్కడ ప్రధానమైన పంట ఆ బార్లీయే. దిగువన, కాస్త వెచ్చని వూళ్ళల్లో రెండో పంట తీస్తారు గాని, ఇంత ఎత్తున ఏడాదికి ఒక్కటే.

కాలవను వీళ్ళు 'యూర' అంటారు. నీళ్ళు వంతులు వేసే మనిషి 'చుర్పోన్'. ఎవరి చేనికి ఏ పూట, ఎంతసేపు అన్నది అతని మాటే. మన పల్లెల్లో చెరువు నీళ్ళు పంచే నీరటి గుర్తుకు వచ్చాడు.

పూర్వం పొలం ముక్కలు కాకుండా అన్నదమ్ములందరూ ఒకే అమ్మాయిని పెళ్ళాడే ఆచారం వుండేది. 1941లో చట్టం దాన్ని నిషేధించింది. ముక్కున వేలేసుకోకండి. ఇక్కడ నేలకు కొదవ లేదు, నీటికే కొదవ. నీరెంతో చేనంత, చేనెంతో సంసారమంత.

అసలు చిక్కు నీరు తక్కువ కావటం ఒక్కటే కాదు, ఆలస్యంగా రావటం. ఎత్తున వున్న హిమానీనదం జూన్‌లో గాని బాగా కరగదు. విత్తటమేమో ఏప్రిల్, మే నెలల్లో. నేల ఒకసారి తడిస్తేగాని నాగలి దిగదు. ఆ తడికి ఆధారం వూరి పక్క కొండలమీద చలికాలంలో పడ్డ మంచు. అదిప్పుడు వెనకటంత పడటం లేదట. పోనీ జూన్‌లోనే విత్తుదామంటే సెప్టెంబరు చలికి గింజ ముదరదు.

చెవాంగ్ నోర్ఫెల్ అనే యింజనీరు దీనికొక ఉపాయం కనిపెట్టారు. చలికాలంలో గొట్టం పగలకుండా కొళాయి విప్పి వుంచుతారు గదా, ఆ వృథానీరు పాప్లార్ నీడన గడ్డకట్టటం ఆయన చూశారు. వాగునీటిని నీడపట్టున రాతికట్టల వెనక నిలిపితే పొరలు పొరలుగా గడ్డకడుతుంది. వూరికి దగ్గర గనక ముందే కరుగుతుంది. 1987లో ఫుక్‌సే గ్రామంలో మొదలుపెట్టారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. తరువాత సోనమ్ వాంగ్‌చుక్ 2013 నుంచి నీటిని గొట్టాలతో పైకి చిమ్మించి స్తూపంలాగా మంచు గుట్టలు కట్టించారు. గుట్టగా వుంటే ఎండ తగిలే మేర తక్కువ.

ఈ వూరివాళ్ళూ రాతికట్టలు కట్టుకున్నారు. పోయిన వేసవిలో వాగు పొంగి రెండు కొట్టుకుపోయాయి. మళ్ళీ కట్టటానికి కుర్రాళ్ళేరీ? ఆమా-లే పెద్దకొడుకు సైన్యంలో, చిన్నవాడు లేహ్‌లో టాక్సీ. ఆమెకున్న మూడు మెట్ల చేలల్లో రెండే విత్తారు. మూడోది బీటలు తీసి వుంది.

"వాన పడితే బాగుండును గదా?" అన్నాను. ఆమె చేతులు అడ్డంగా వూపింది. 2010 ఆగస్టులో లేహ్ దగ్గర కుంభవృష్టి కురిసి, మట్టి యిళ్ళు బురదలో కూరుకుపోయి, రెండువందల మందికి పైగా చనిపోయారు. వానను కోరుకోవటానికి వీళ్ళకు నోరు రాదు.

సాయంత్రం దీపాలవేళకు చుర్పోన్ కేకేశాడు. ఆమా-లే పార పుచ్చుకు పరుగెత్తింది. ఆ ఎత్తులో పరుగు! వెనకాల నేను రొప్పుతూ నడిచాను. మడవకు అడ్డం పెట్టిన రాయీ, మట్టిపెళ్ళా తీసేసరికి జానెడు వెడల్పున నీళ్ళు బుసబుసమని వచ్చాయి. చెయ్యి పెట్టి చూశాను, వేళ్ళు కొంకర్లు పోయాయి. మూడో చేను సగం దాకా తడిసింది. అంతలో గట్టుమీంచి మళ్ళీ కేక. వంతు అయిపోయింది.

ఆమె ఒక్క మాటైనా అనకుండా రాయి యథాస్థానంలో పెట్టి, పెళ్ళతో సందు పూడ్చి, పక్కవాళ్ళ మడవ తెరిచింది. తరువాత కాలితో తడి ఎంతవరకు వచ్చిందో నొక్కి చూసుకుని, అక్కడ గుర్తుగా ఒక పుల్ల పాతింది.

"రేపు యింతవరకూ దున్నుతాం" అని చెప్పింది కూతురు.