చెన్నూరులో జమిడికకి పడిన ముడి

కడప నుంచి మైదుకూరు బస్సెక్కితే కాసేపట్లోనే చెన్నూరు వచ్చేస్తుంది. పెన్న ఒడ్డున ఊరు. చాలామంది కిటికీలోంచి నదికి ఓ ఫొటో తీసుకుని ముందుకెళ్లిపోతారు. నేను దిగింది ఎల్లమ్మ కథ వినడానికి. అంతకన్నా ముందు జమిడిక రిపేరు చూడాల్సొచ్చింది.

జమిడికంటే కుంచం లాంటి గుండ్రటి డొల్ల. ఒకవైపు తోలు, రెండోవైపు ఖాళీ. తోలు మధ్య నుంచి వచ్చే నరం ఓ చిన్న పుల్లకి చుట్టుకుని ఉంటుంది. డొల్లని చంకలో బిగించి, పుల్ల పట్టుకుని లాగి మీటితే 'జుం' అంటుంది. ఇంకాస్త లాగితే స్వరం పైకెక్కుతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు, ట్యూనింగంతా చేతి బిగువే. శ్రీకాకుళం, విజయనగరం వైపు దీన్నే జముకు అంటారు. జముకుల కథకి ఆ పేరు దీనివల్లే. అన్నట్టు, అమెరికాలో పాత బాంజోలకీ పేగు తీగలే ఉండేవి.

పెద్దాయన జమిడిక నరం పుల్లకి నాలుగు వేళ్ల దూరంలో తెగింది. రాత్రికే కథ.

"కొత్తది వేయొచ్చు కదా తాతా?"

"యాడ దొరుకుతాది నాయనా? మేక పేగు గీకి, మెలేసి, ఆరబెట్టేటోళ్లు యాడుండారు ఇప్పుడు?"

గాలం దారం కట్టి చూశాడట. "గట్టిదే. కానీ ఏడవదు."

పరశురాముడు తల్లి తల నరికే ఘట్టంలో జమిడిక ఏడవకపోతే ఇంకేం కథ!

తెగిన కొసల్ని చెంబు నీళ్లలో నానేశాడు. ఎండు నరాన్ని అలాగే మడిస్తే చిట్లిపోతుంది. మెత్తబడ్డాక ఒక కొసని ఉచ్చులా మడిచి, రెండోదాన్ని కిందనుంచి దూర్చి, ఉచ్చు మెడ చుట్టూ తిప్పి, దాని కిందే దూర్చి లాగాడు. నేతగాళ్ల ముడి! జమ్మలమడుగు మగ్గాల దగ్గర నేర్చుకున్నాడట. లాగేకొద్దీ బిగుస్తుంది.

అసలు తెలివి ఆ తర్వాత చూశాను. ముడి పుల్ల మీదికి వచ్చేదాకా నరాన్ని చుట్టాడు. ఫిజిక్స్‌లో మనం చదివిందే: స్వరాన్ని తేల్చేది ఊగే భాగం పొడవు, బిగువు, బరువు. పుల్ల మీదున్న ముడి ఊగదు, కాబట్టి వినపడదు. అదే ముడి మీటే చోట ఉంటే జరజరమంటుంది.

కథ తెల్లారుజాము దాకా నడిచింది. ముడి జారలేదు.

కాకపోతే తెగిన ప్రతిసారీ నాలుగు వేళ్ల నరం పోతుంది. కథయ్యాక పుల్ల మీది చుట్లు లెక్కపెట్టి చూపించాడు. మొదట్లో పదకొండు ఉండేవట. ఇప్పుడు నాలుగున్నాయి.