మేము మొదటిసారి రక్తమిచ్చుట

ఇరువదియేండ్లుగా తరగతిలో రక్తప్రసరణమును బోధించుచున్నను, మా రక్తము నొరుల కీయవలసివచ్చినప్పుడు మాకు కాళ్లు వణకినవి. మా విద్యార్థి తల్లికి ప్రసవమున రక్తస్రావ మధికమయ్యెనని విని ఆస్పత్రికి పరుగెత్తితిమి. ఉదయమునుండి యేమియు తినలేదనగా నర్సమ్మ మందలించెను, పరగడుపున నీయరాదట! ఇడ్డెనలు తిని, నీరు త్రాగి, కొంతతడవు కూర్చుంటిమి. పిమ్మట వ్రేలు పొడిచి, నూరు మిల్లీలీటర్లకు హీమోగ్లోబిను 12.5 గ్రాములకు తగ్గలేదని చూచిరి. సూదినొప్పి గండుచీమ కాటంత. దానిని చూచుటయే కష్టము. రబ్బరుబంతిని పిసుకుచుండగా పది నిమిషములలోపల 350 మిల్లీలీటర్ల సంచి నిండెను. తొందరపడి లేవగా తల తిరిగెను, మరల పరుండబెట్టిరి.

వెలుపల బాలుడు, “మా అమ్మకెక్కుచున్నది మీ రక్తమేనా, మేష్టరుగారూ?” అనెను. కాదు, మాది పరీక్షలకు పోయినది. ఆమె కెక్కుచున్నది మునుపెవ్వరో యిచ్చిపోయినది. వారి పేరేమని వాడడిగెను. మాకును తెలియదంటిమి.