మన గళ్ల రుమాలు – వారి తలకట్టు

మామిడికాయలు దిగు దినములలో మా విస్సన్నపేట వీధులవెంట స్త్రీలు గంపలు మోయుచు బోవుచుందురు. గంపక్రింద నొక పాతగుడ్డ చుట్టకుదురై యుండును. బరువు మోయువారికి కుదురు, ఎండలో తిరుగువారికి ముసుగు. తలగుడ్డ యనగా నంతకంటె నేమున్నదని నేనును తలచియుంటిని.

ఒకనాడు మావారు పాఠశాలనుండి తెచ్చిన బొమ్మల పుస్తకమును తిరుగవేయుచుండగా, అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరపు నల్లజాతి స్త్రీ చిత్తరువొకటి కనబడినది. ఆమె శిరస్సున ఎఱ్ఱ గళ్ల వస్త్రము కిరీటమువలె నెత్తుగా చుట్టబడి, కొనలు పూరేకులవలె పైకి లేచియున్నవి. నా ప్రక్కన కూరలు తరుగుచున్న మా అత్తగారు తొంగిచూచి, "ఇది మన చీరాల రుమాలువలె నున్నదే, అమ్మాయీ! మీ తాతమామగారు ఇట్టిదే తలకు చుట్టుకొనెడివారు. ఆ దేశమున కెట్లు పోయినది?" అనిరి.

ఆ ప్రశ్నయే మమ్ము చీరాలకు నడిపించినది.

సంక్రాంతి సెలవులలో నూజివీడు మీదుగా విజయవాడ చేరి, అచ్చట రైలెక్కితిమి. కృష్ణ దాటినది మొదలు తెనాలి, బాపట్ల వఱకు పైరుపచ్చలే. ప్రయాణమును గూర్చి వ్రాయదగిన విశేషము లేదు. మా అత్తగారు కట్టి తెచ్చిన పులిహోర తెనాలికే పూర్తియైనదని మాత్రము చెప్పవచ్చును. చీరాలలో దిగగానే మావారు 1921వ సంవత్సరపు కథ నెత్తుకొనిరి. పురపాలక సంఘమును, దాని పన్నులను ఒల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటమీద చీరాల పేరాల ప్రజలు ఇండ్లు వాకిండ్లు విడిచి, వెలుపల రామనగరమను పాకల యూరు కట్టుకొని నెలల తరబడి కాపురముండిరి. పసిబిడ్డల తల్లులు ఆ పాకలలో వానకును చలికిని ఓర్చిన సంగతి చరిత్ర పుస్తకములలో ఒక పంక్తికి మించదు.

మేము పోయిన నేతగానియింట గుంటమగ్గముమీద కుప్పడము చీర నేయుచుండిరి. రుమాళ్లను గూర్చి యడుగగా ఇంటి యిల్లాలు లోపలికి పోయి పెట్టెయడుగునుండి రెండు వస్త్రములు తెచ్చి చాపమీద పఱచినది. ఒకటి తేలియా రుమాలు. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదతోను నూనెతోను నూలును పలుమార్లు నానబెట్టి యారబెట్టి, పడుగునకు పేకకును లెక్కచొప్పున ముడులు కట్టి అద్దకము వేయగా ఎఱుపు, నలుపు, తెలుపు తేలును. ఎన్ని యేండ్లయినను నూనెవాసన వీడదు. నేను ముక్కునొద్ద పెట్టుకొని చూచితిని, నిజమే. దీనిని బెస్తలు తలకు చుట్టుకొనిరి, హైదరాబాదు ప్రభువుల యిండ్ల స్త్రీలు ఓణీగా వేసికొనిరి, అరబ్బులు ఓడలమీద కొనిపోయిరి. ఆ విద్య పిమ్మట నల్లగొండ సీమలోని పుట్టపాకలో వేళ్లూనినది. ఆ గ్రామపు గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చెను. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు దొరకినది.

రెండవది సాదా గళ్ల వస్త్రము. అదియే మా అత్తగారి ప్రశ్నకు జవాబు. చెన్నపట్టణపు రేవునుండి ఎగుమతియగుటచే దీనికి మద్రాసు రుమాలని పేరు. మిల్లులు దీనికి నకళ్లు తీయగా, చేతినేత సరకును "రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్" అని వర్తకులు వేరుచేసి పిలిచిరి. చీరాల మొదలు దక్షిణముగా తమిళసీమవఱకు సముద్రతీరపు మగ్గములు దీనిని నేసినవి.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీబందరున కోఠీలు పెట్టిరి. మన తీరపు నూలుబట్టలు ఐరోపాకు పోయి, అచ్చటనుండి మరల ఓడలెక్కి పశ్చిమాఫ్రికా రేవులు చేరెను. ఆ రేవులలో బట్టలిచ్చి మనుష్యులను కొనిరి. భార్యను భర్తనుండి, బిడ్డను తల్లినుండి విడదీసి అమెరికాకును కరీబియను ద్వీపములకును తోలుకొనిపోయిరి. హరవిలాసము నంకితముగొన్న అవచి తిప్పయసెట్టి ఓడవర్తకమును చిన్ననాడు మా నాన్నగారియొద్ద చదువుకొని మన వర్తకుల ఘనతకు మురిసిపోయితిని. నేసినవానికి తన తాను ఎవరి వెలగా పోవుచున్నదో తెలియదు. అయినను ఆ గళ్లమీద చేయి వేసినపుడు నా మనస్సు కలుక్కుమన్నది.

ఇక న్యూ ఆర్లియన్సు ముచ్చట. 1786లో ఆ పట్టణము స్పెయినువారి యేలుబడిలో నుండెను. మిరో అను గవర్నరు ఆఫ్రికా సంతతి స్త్రీలు, స్వతంత్రులైనవారు సైతము, కేశములకు ఆభరణములు, ఈకలు పెట్టరాదనియు, జుట్టును గుడ్డతో కట్టుకొనవలెననియు శాసించెను. వారి అలంకారము తెల్లదొరసానుల అలంకారమును మించుచున్నదను అసూయయే దీనికి కారణమని చెప్పుదురు. ఆ స్త్రీలు ఆజ్ఞ మీఱలేదు. గుడ్డ కట్టుకొనుమనిరి, కట్టుకొనిరి. కాని మిక్కిలి సొగసైన గళ్ల వస్త్రములు ఏరి, మడతలు తీర్చి, ఎత్తుగా చుట్టి వీధికి వచ్చిరి. అవమానించుటకు పెట్టిన గుడ్డ ఊరిలోని వేడుకైనది. దానిని వారు టిన్యాను అందురు.

ఫ్రెంచివారి ద్వీపములైన మార్తినీకు, గ్వాదెలూపులలో ఆ కట్టు మఱింత ముదిరినది. కొనలనుబట్టి మనస్సు తెలియునట. ఒక కొన నిలిపినచో హృదయమింకను స్వతంత్రము; రెండైనచో మాటయిచ్చియున్నది; మూడైనచో పెండ్లియైనది; నాలుగైనచో పెండ్లియైనను ఇంకను చోటున్నదని! ఈ నాలుగవదానిని నేను సంకోచముతోనే వ్రాయుచున్నాను. 1848లో అచ్చట దాస్యము తీసివేయబడగా, 1853 మొదలుకొని మన తీరమునుండి కూలీలను ఓడలలో కొనిపోయిరి. తమ రేవుల గుడ్డ దూరదేశపు నల్లవనితల తలలమీద చూచి వారేమనుకొనిరో! నేటికిని సెయింటు లూసియా ద్వీపమున ప్రతి యేట అక్టోబరు మాసపు కడపటి ఆదివారము క్రియోలు పండుగ జరుగును. ఆనాడు పట్టణమంతయు మద్రాసు గళ్లే. పిల్లలకు గౌనులు, ముసలమ్మలకు తలకట్టులు, బల్లలమీద పఱచు గుడ్డలు కూడ నవియే.

ఆఫ్రికాలోనే నైజీరియా దేశమున కలబరి జనులు కలరు. వారు మన గళ్ల గుడ్డను ఇంజిరి యందురు. వారి స్త్రీలు ఆ వస్త్రములో ఎంచి యెంచి కొన్ని పోగులను కత్తితో కోసి లాగివేసి క్రొత్త పూలు పుట్టింతురు. నేసినదానిని తీసివేయుటచే చిత్రము చేయుట! చీరాల యిల్లాలికి ఈ సంగతి చెప్పగా, "పోగు తెగితే మాకు కూలి తెగుతుందమ్మా, వాళ్లు కోసి కడుతారా?" అని నోరు తెఱచినది. ఇంటిలో పెద్దలు గతించినపుడు కలబరివారు తరతరముల వస్త్రములు తీసి మంచములు అలంకరింతురు. అందు మన గళ్లగుడ్డకు గౌరవస్థానము.

తిరుగుప్రయాణమున నా మనస్సు మఱియొక చోటికి పోయినది. మా పుట్టినింట ముత్తవగారొకరు పదునైదేండ్లకే భర్తను పోగొట్టుకొని, తలవెండ్రుకలు తీయించబడి, బ్రతికినన్నినాళ్లు ముసుగుతో వంటయింటిలోనే గడపిరట. ఆమెకు గవర్నరు శాసనము లేదు, ఇంటివారే చాలిరి. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము చేయించిరి గాని ఆ వార్త మా ముత్తవగారి ముసుగులోనికి రాలేదు. న్యూ ఆర్లియన్సు స్త్రీలు వీధికి పోగలిగిరి, ఒకరినొకరు చూచుకొనగలిగిరి. ఈమెకు చూపుట కద్దమైనను లేకపోయెను.

చీరాల యిల్లాలు వల దన్నను వెల యిచ్చి ఆ గళ్ల రుమాలును తెచ్చుకొంటిమి. విస్సన్నపేట చేరిన మఱునాటి సాయంకాలము మా అమ్మాయి దానిని తలకు కట్టుమని పోరుపెట్టగా, పుస్తకములోని బొమ్మను చూచుచు ఒక కొన నిలిపి కట్టితిని. కొనల లెక్కను గూర్చి మా అత్తగారికి చెప్పితిని. ఆమె నవ్విరి. మామగారు పోయి యప్పటికి ఆఱేండ్లు. కొంతసేపటికి మెల్లగా, "కన్నెకు ఒకటి, పెండ్లియైనదానికి మూడు. మగడు పోయినదాని కెన్నే, అమ్మాయీ?" అని యడిగిరి.

నేను బదులు చెప్పలేదు. అమ్మాయి ఆడి విసిగి రుమాలు విప్పి పడవేసి పోయినది. ఆమె దానిని తీసి దులిపి, అద్దము ముందు నిలిచి, తమకు తోచినట్లు కట్టుకొనిరి.